రాజ్యభద్రత - ప్రజల ఓటు : హాంకాంగ్ 47 మంది విచారణ

రాజ్యానికి భద్రత అవసరమన్న మాటను కాదనేవారు లేరు. సరిహద్దులను కాపాడలేని ప్రభుత్వం, వీధిలో నడిచే మనిషి ప్రాణానికి పూచీ పడలేని ప్రభుత్వం ఆ పేరుకే తగదు. కాని “భద్రత దేనికి? ఎవరి నుండి?” అని మరొక అడుగు ముందుకు వేసి ప్రశ్నించినప్పుడే చిక్కు మొదలవుతుంది. దేశానికి వచ్చే ముప్పు వేరు. పదవిలో ఉన్నవారికి కలిగే ఇబ్బంది వేరు. ఈ రెండింటి నడుమ గీత గీయవలసినది చట్టం. ఆ గీత చెరిగిపోయిన చోట, ఎన్నికలలో పోటీ చేయబూనిన మనిషి సైతం రాజ్యద్రోహిగా బోనులో నిలబడవలసి రావచ్చు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2021లో హాంకాంగ్ నగరంలో 47 మంది ప్రజాస్వామ్యవాదులపై దేశభద్రతా చట్టం క్రింద మోపబడిన అభియోగం, 2024లో వెలువడిన తీర్పు ఇందుకు నిదర్శనాలు. నిందితులలో న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఉన్నాడు. మాజీ శాసనసభ్యులు, పత్రికా రచయితలు, వైద్యుడు, నర్సు, సంఘసేవకులు, విద్యార్థి దశ దాటీ దాటని యువకులు ఉన్నారు. వారి చేతుల్లో ఆయుధాలు లేవు. తమ పక్షం అభ్యర్థులెవరో తేల్చుకోవడానికి వారు ఒక ప్రాథమిక ఎన్నిక జరిపారు, అందులో పాల్గొన్నారు. ఇది నేరం ఎట్లా అయింది? ఏ చట్టం దీనిని నేరమన్నది? న్యాయస్థానం ఏ తర్కంతో శిక్ష విధించింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. రాజనీతిశాస్త్ర విద్యార్థులకే గాక, చట్టబద్ధ పాలనలో జీవించే ప్రతివారికీ ఈ విచారణ పఠనీయమని మా అభిప్రాయం.

పూర్వరంగం

1842 నాటి నాన్‌కింగ్ సంధి వల్ల హాంకాంగ్ ద్వీపం బ్రిటిష్‌వారి వశమయింది. 1860లో కౌలూన్ ద్వీపకల్పం వారికి చేరింది. 1898లో దానికి ఆనుకొని ఉన్న ‘న్యూ టెరిటరీస్’ ప్రాంతాన్ని 99 ఏండ్ల కౌలుకు తీసుకున్నారు. ఆ కౌలు గడువు 1997లో తీరనుండగా, 1984 డిసెంబరులో బ్రిటన్, చైనా ప్రభుత్వాలు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. ‘ఒకే దేశం, రెండు వ్యవస్థలు’ అన్న సూత్రం ప్రకారం హాంకాంగ్ చైనాలో భాగమైనప్పటికీ, అక్కడి న్యాయవ్యవస్థ, పౌరస్వేచ్ఛలు, జీవన విధానం 50 ఏండ్ల వరకు మారవన్నది అందులోని వాగ్దానం. 1990లో చైనా రూపొందించిన ‘బేసిక్ లా’ అనే మూలశాసనం ఆ వాగ్దానానికి చట్టరూపం ఇచ్చింది. 1997 జూలై 1న అధికార మార్పిడి జరిగింది.

ఆ మూలశాసనంలోని రెండు అంశాలను మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ప్రధాన పాలకుడినీ, శాసనసభలోని సభ్యులందరినీ సార్వజనిక ఓటు ద్వారా ఎన్నుకోవడమే అంతిమ లక్ష్యమని 45, 68 అధికరణాలు చెబుతున్నాయి. దేశద్రోహం, తిరుగుబాటు మొదలైన వాటిని నిషేధించే చట్టాన్ని హాంకాంగ్ తనంతట తానే చేసుకోవాలని 23వ అధికరణం చెబుతున్నది. ఒకటి ప్రజలు కోరినది. రెండవది కేంద్ర ప్రభుత్వం కోరినది. 2020 వచ్చేనాటికి రెండూ నెరవేరలేదు.

2003లో భద్రతా బిల్లు తెచ్చినప్పుడు సుమారు 5 లక్షల మంది వీధుల్లోకి రాగా ప్రభుత్వం దానిని ఉపసంహరించుకున్నది. 2014లో సార్వజనిక ఓటు కోసం జరిగిన ‘గొడుగుల ఉద్యమం’ 79 రోజులు సాగి, ఫలితం లేకుండానే ముగిసింది. 2019లో నిందితులను చైనా ప్రధాన భూభాగానికి అప్పగించే వీలు కల్పించే బిల్లు రావడంతో నగరం అట్టుడికింది. లక్షలాది జనం శాంతియుతంగా ఊరేగారు. అదే సమయంలో కొందరు శాసనసభా భవనంలోకి చొరబడి విధ్వంసం చేశారు. పెట్రోలు సీసాలు విసిరారు. పోలీసులు బాష్పవాయువునూ, రబ్బరు గుండ్లనూ ప్రయోగించారు. ఆ ఏడు నవంబరు 24న జరిగిన జిల్లా మండలుల ఎన్నికలలో 71 శాతం మంది ఓటు వేశారు. 18 మండలులలో 17 ప్రజాస్వామ్యవాదుల చేతికి వచ్చాయి. బిల్లును ప్రభుత్వం అప్పటికే వెనక్కు తీసుకున్నది. కాని పరస్పర విశ్వాసం తిరిగి రాలేదు.

చట్టం స్వరూపం

ఈ నేపథ్యంలో 2020 జూన్ 30 రాత్రి 11 గంటలకు దేశభద్రతా చట్టం అమలులోకి వచ్చింది. దీనిని హాంకాంగ్ శాసనసభ చర్చించలేదు, ఆమోదించలేదు. చైనా జాతీయ ప్రజాప్రతినిధుల సభ స్థాయీసంఘం దీనిని చేసి, మూలశాసనం అనుబంధంలో చేర్చింది. అమలులోకి వచ్చే గడియ వరకు చట్టం పూర్తి పాఠం ప్రజలకు తెలియలేదు.

66 అధికరణాలు గల ఈ చట్టం నాలుగు నేరాలను పేర్కొన్నది: వేర్పాటు, రాజ్యాధికార విధ్వంసం, ఉగ్రవాదం, విదేశీ శక్తులతో కుమ్మక్కు. గరిష్ఠ శిక్ష యావజ్జీవ ఖైదు. స్థానిక చట్టాలకూ దీనికీ వైరుధ్యం వస్తే ఇదే చెల్లుతుందని 62వ అధికరణం, దీని అర్థాన్ని నిర్ణయించే అధికారం బీజింగ్‌లోని స్థాయీసంఘానిదేనని 65వ అధికరణం చెబుతున్నాయి. దేశభద్రతా వ్యాజ్యాలను విచారించగల న్యాయమూర్తులను ప్రధాన పాలకుడు నియోగిస్తాడని 44వ అధికరణం, కొన్ని సందర్భాలలో జ్యూరీ లేకుండా ముగ్గురు న్యాయమూర్తులు విచారణ జరపవచ్చునని 46వ అధికరణం నిర్దేశిస్తున్నాయి.

మన చర్చకు కీలకమైనది 22వ అధికరణం. బలప్రయోగం ద్వారా గాని, బలప్రయోగ బెదిరింపు ద్వారా గాని, ‘ఇతర చట్టవిరుద్ధ మార్గాల’ ద్వారా గాని రాజ్యాధికారాన్ని కూలద్రోయడం నేరమని అది అంటున్నది. ప్రభుత్వ విధుల నిర్వహణకు తీవ్రమైన ఆటంకం కల్పించడం కూడ అందులోకే వస్తుంది. ‘ఇతర చట్టవిరుద్ధ మార్గాలు’ అన్న ఈ చిన్న పదబంధమే 47 మంది జీవితాలను మార్చివేసింది.

అభియోగం

2020 సెప్టెంబరులో శాసనసభ ఎన్నికలు జరగవలసి ఉన్నాయి. సభలో 70 స్థానాలు. వాటిలో సగం మాత్రమే ప్రాంతీయ నియోజకవర్గాలవి. మిగిలిన సగం వృత్తులకు, వర్తక వర్గాలకు ప్రాతినిధ్యం వహించేవి. అందుచేత ఓటర్లలో అధిక సంఖ్యాకుల మద్దతు ఉన్నా ప్రజాస్వామ్యవాదులకు సభలో ఆధిక్యం ఎన్నడూ దక్కలేదు. తమలో తాము పోటీపడి ఓట్లు చీల్చుకోకుండా ఉంటే 35కు పైగా స్థానాలు గెలవవచ్చునని న్యాయశాస్త్ర అధ్యాపకుడు బెన్నీ తాయ్, మాజీ శాసనసభ్యుడు ఔ నోక్-హిన్ మొదలైనవారు తలచారు. జూలై 11, 12 తేదీలలో ప్రాథమిక ఎన్నిక నిర్వహించారు. దేశభద్రతా చట్టం వచ్చి రెండు వారాలైనా కాలేదు. అయినప్పటికీ 6 లక్షలకు పైగా పౌరులు వరుసలలో నిలబడి ఓటు వేశారు.

ఆధిక్యం వచ్చిన పిమ్మట ఏమి చేయదలచారు? మూలశాసనం ప్రకారం బడ్జెటును పరిశీలించి ఆమోదించే అధికారం శాసనసభది. సభ బడ్జెటును తిరస్కరిస్తే ప్రధాన పాలకుడు సభను రద్దు చేయవచ్చు. క్రొత్తగా ఎన్నికైన సభ కూడ అదే బడ్జెటును తిరస్కరిస్తే 52వ అధికరణం ప్రకారం పాలకుడే రాజీనామా చేయాలి. ఈ అధికారాన్ని ప్రయోగించి, తమ కోరికలను ప్రభుత్వం చేత అంగీకరింపజేయాలన్నది వారి పథకం.

ఆ ఎన్నిక అప్పుడు జరగనే లేదు. జూలై 30న 12 మంది అభ్యర్థులను అనర్హులుగా ప్రకటించారు. మరునాడు కోవిడ్ కారణం చూపి ఎన్నికలను ఏడాది పాటు వాయిదా వేశారు. అనగా పథకం అమలుకు నోచుకోలేదు, బడ్జెటు తిరస్కరించబడలేదు, ఎవరూ రాజీనామా చేయలేదు. అయినా 2021 జనవరి 6 తెల్లవారుజామున 50 మందికి పైగా అరెస్టయ్యారు. ఫిబ్రవరి 28న వారిలో 47 మందిపై రాజ్యాధికార విధ్వంసానికి కుట్ర పన్నారన్న అభియోగం మోపబడింది.

రెండు వాదాలు

మన శాస్త్ర సంప్రదాయంలో పూర్వపక్షాన్ని సమగ్రంగా చెప్పిన తరువాతనే సిద్ధాంతం చెప్పాలి. కావున ముందుగా ప్రభుత్వ వాదాన్ని వినడం న్యాయం.

ప్రభుత్వ న్యాయవాదుల వాదం ఇది. బడ్జెటును పరిశీలించడం సభ్యుల విధి. అందులోని మంచిచెడ్డలు చూడకుండా, పాలనను స్తంభింపజేయడమే ధ్యేయంగా, వచ్చిన ప్రతి బడ్జెటునూ తిరస్కరిస్తామని ముందే నిర్ణయించుకోవడం అధికార దుర్వినియోగం. అది ‘ఇతర చట్టవిరుద్ధ మార్గాల’ క్రిందికి వస్తుంది. ఆయుధం పట్టనంత మాత్రాన ప్రమాదం లేదనలేము.

ప్రతివాదుల వాదం మరొకటి. ‘ఇతర మార్గాలు’ అన్న మాట బలప్రయోగం, బెదిరింపు అన్న మాటల వెంట వచ్చింది. కనుక దానికి ఆ జాతి అర్థమే చెప్పాలి. బడ్జెటును ఆమోదించే అధికారంలోనే తిరస్కరించే అధికారం ఇమిడి ఉన్నది. తిరస్కరిస్తే ఏమి జరగాలో మూలశాసనమే వ్రాసి పెట్టింది. తాత్కాలిక ఖర్చులకు మార్గాన్ని కూడ 51వ అధికరణం చూపింది. శాసనమే చూపిన దారిలో నడవడం శాసన విధ్వంసం ఎట్లా అవుతుంది?

2023 ఫిబ్రవరి 6న మొదలైన విచారణ 118 రోజులు సాగింది. నలుగురు నిందితులు ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పారు. 2024 మే 30న ముగ్గురు న్యాయమూర్తులు ప్రభుత్వ వాదాన్ని అంగీకరించారు. చట్టవిరుద్ధ మార్గం హింసాత్మకమే కానక్కర లేదని, పథకం నెరవేరి ఉంటే రాజ్యాంగ సంక్షోభం తలెత్తేదని వారు నిర్ణయించారు. నేరం ఒప్పుకోని 16 మందిలో 14 మందిని దోషులుగా తేల్చారు. బారిస్టరు లారెన్స్ లౌ, సంఘసేవకుడు లీ యూ-షున్‌ల విషయంలో నేరోద్దేశం నిస్సందేహంగా రుజువు కాలేదని వారిని విడిచిపెట్టారు. ఈ ఇద్దరి విడుదలను విస్మరించడం తగదు. సాక్ష్యాన్ని తూచే పని న్యాయస్థానం మానలేదని అది తెలుపుతున్నది. కాని తూచవలసిన తక్కెడను తయారుచేసినదెవరు అన్నదే మా ప్రశ్న. పాలకుడి రాజీనామా కోరిన పథకంపై విచారణ ఇది. ఆ పాలకుడి పదవే న్యాయమూర్తులను నియోగించే అధికారం గలది. ఫలానా వ్యాజ్యానికి ఫలానా న్యాయమూర్తి అన్నది న్యాయవ్యవస్థే నిర్ణయిస్తుందని ప్రభుత్వం చెప్పే మాట నిజమే. అయినా జాబితా మాత్రం పాలకుడిదే. ఘోరనేరాల విచారణలో ఏడుగురు సామాన్య పౌరులు జ్యూరీగా కూర్చునే చిరకాల సంప్రదాయం ఇక్కడ వర్తించలేదు.

ముద్దాయి - జామీను

మన కళాశాలలో రెండు భాషలు చదివే విద్యార్థులకు ఒక భాషా విశేషాన్ని ఇక్కడ గుర్తుచేస్తున్నాము. తెలుగు న్యాయస్థానాల పరిభాషలో వకీలు, జామీను, ఖైదు, ఫిర్యాదు, హాజరు వంటి అనేక పదాలు ఉర్దూ ద్వారా వచ్చినవే. వీటిలో ‘ముద్దాయి’ పదం చరిత్ర విచిత్రమైనది. ఉర్దూలో ‘ముద్దయీ’ అనగా దావా తెచ్చినవాడు. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట నేరం మోపబడినవాడికి పేరయింది. వాది ప్రతివాది అయినాడు!

మాటలో జరిగిన ఈ తారుమారు నవ్వు పుట్టిస్తుంది. చట్టంలో జరిగితే నవ్వు రాదు. రుజువు భారం దావా తెచ్చినవానిదే అన్నది ఇస్లామీయ న్యాయశాస్త్రంలో సుప్రసిద్ధమైన సూత్రం. నేరం రుజువయ్యేవరకు మనిషి నిర్దోషి అన్నది ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం. తీర్పుకు ముందు జామీనుపై విడుదల సాధారణం, నిర్బంధం అపవాదం అన్న నియమం దానినుండి పుట్టినదే. దేశభద్రతా చట్టంలోని 42వ అధికరణం ఈ నియమాన్ని తలక్రిందులు చేసింది. నిందితుడు ఇకముందు భద్రతకు భంగం కలిగించడని నమ్మడానికి తగిన ఆధారాలు న్యాయమూర్తికి కనబడితే తప్ప జామీను లేదు. చేయబోని పనికి ఆధారం ఎక్కడినుండి తేవాలి?

దీని ఫలితాన్ని లెక్కవేసి చూద్దాం. నిందితులలో అత్యధికులు 2021 ఫిబ్రవరి నుండి నిర్బంధంలోనే ఉన్నారు. శిక్షలు ఖరారైనది 2024 నవంబరు 19న. మాజీ శాసనసభ్యురాలు, పూర్వం పత్రికా రచయిత్రి అయిన క్లాడియా మోకు పడిన శిక్ష 4 సంవత్సరాల 2 నెలలు, అనగా 50 నెలలు. శిక్ష చెప్పిన నాటికే ఆమె దాదాపు 45 నెలలు జైలులో గడిపింది. 2025 ఏప్రిల్ 29న మరి ముగ్గురితో పాటు ఆమె విడుదలయింది. శిక్షలో పదింట తొమ్మిది పాళ్లు తీర్పుకు ముందే అనుభవించినట్లయింది. 47 మందిలో 31 మంది నేరం ఒప్పుకోవడాన్ని కూడ ఈ వెలుగులోనే చూడాలి. ఒప్పుకుంటే శిక్షలో మూడవ వంతు వరకు తగ్గే ఆచారం అక్కడి న్యాయస్థానాలలో ఉన్నది. బయట నుండి పోరాడే అవకాశం లేనివారికి ఆ తగ్గింపు ఎంత బలమైన ఆకర్షణో వేరుగా చెప్పనక్కర లేదు.

మొత్తం 45 మందికి శిక్షలు పడ్డాయి. బెన్నీ తాయ్‌కు 10 సంవత్సరాలు. విచారణలో తన వాదం తాను నిలబెట్టుకున్న మాజీ పాత్రికేయురాలు గ్వినెత్ హోకు 7 సంవత్సరాలు. విద్యార్థి నాయకుడుగా పేరొందిన జాషువా వాంగ్‌కు 4 సంవత్సరాల 8 నెలలు.

మన చరిత్రలో

ఈ విషయం దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు. కాని హాంకాంగ్, భారతదేశం రెండూ ఒకే సామ్రాజ్యపు న్యాయ వారసత్వాన్ని పొందినవి. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన రౌలట్ చట్టం కూడ జ్యూరీ లేకుండా ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక న్యాయస్థానాన్ని ఏర్పరచింది. దానిపై అపీలు కూడ లేదు. వకీలు లేదు, దలీలు లేదు, అపీలు లేదు అని ప్రజలు దానిని నిరసించారు. ఆ నిరసనలో ముందు నిలిచిన సైఫుద్దీన్ కిచ్లూ, సత్యపాల్‌లను అమృతసర్‌లో ఏప్రిల్ 10న నిర్బంధించి పంపివేశారు. మూడు రోజులకు జలియన్‌వాలా బాగ్ దురంతం జరిగింది.

స్వతంత్ర భారతంలోనూ ఇట్టి పరీక్ష వచ్చింది. 1975 జూన్ నుండి 1977 మార్చి వరకు సాగిన అత్యవసర పరిస్థితిలో ఆంతరంగిక భద్రతా చట్టం క్రింద వేలాది మందిని విచారణ లేకుండా నిర్బంధించారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వాన్ని సమర్థించగా, హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయం ప్రకటించారు. 2017లో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును త్రోసిపుచ్చి ఖన్నా మార్గమే సరియైనదని అంగీకరించింది. 1980 నాటి మన జాతీయ భద్రతా చట్టం క్రింద 12 నెలల వరకు విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. హాంకాంగ్‌లో బహిరంగ విచారణ, న్యాయవాది, అపీలు ఉన్నాయన్నది కూడ ఇక్కడ చెప్పవలసిన సత్యం. పరుల ఇంటిని పరీక్షించే చూపుతోనే మన ఇంటినీ పరీక్షించుకోవాలి. అప్పుడే మన మాటకు విలువ.

ఉపసంహారం

ఈ చట్టం వల్ల హాంకాంగ్‌లో శాంతి నెలకొన్నదని ప్రభుత్వం అంటుంది. 2019 నాటి పెట్రోలు సీసాలు వీధులలో కనబడకుండా పోయిన మాట నిజం. కాని శాంతికి మరొక కొలత కూడ ఉన్నది. 2021లో శాసనసభను 90 స్థానాలకు పెంచి, ప్రజలు నేరుగా ఎన్నుకొనేవాటిని 20కి కుదించారు. 2023లో జిల్లా మండలులలోని 470 స్థానాలలో 88 మాత్రమే నేరుగా ఎన్నుకొనేవిగా మిగిలాయి. ఆ ఏడు డిసెంబరులో ఓటు వేసినవారు 27.5 శాతం. నాలుగేండ్ల ముందు అదే మండలుల ఎన్నికలలో ఓటు వేసినవారు 71 శాతమని పైన చెప్పుకున్నాము. వీధిలో అలజడితో పాటు పోలింగు కేంద్రం ముందు వరుస కూడ తగ్గిపోయింది.

విద్యార్థి మిత్రులారా! భద్రత పేరిట ఏ దేశంలో ఏ చట్టం వచ్చినా, దాని పేరు చూసి సంతోషించడం గాని, భయపడడం గాని తగదు. దానిని చదివి నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇందులోని నేరానికి హద్దు ఉన్నదా, లేక ‘ఇతర’ అన్న మాటతో తలుపు తెరిచి ఉంచారా? దీనిని ప్రజాప్రతినిధులు చర్చించారా? న్యాయమూర్తిని ఎంచేవాడు ఎవడు? తీర్పు వచ్చేవరకు మనిషి ఎక్కడ ఉంటాడు, ఇంట్లోనా, జైలులోనా? ఈ నాలుగింటికీ సరియైన జవాబు దొరికిన చట్టం దేశాన్ని కాపాడుతుంది. దొరకని చట్టం, చేసినవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఒకనాడు ఎన్నికల పెట్టెనే నేర నిరూపణకు సాక్ష్యంగా న్యాయస్థానంలో నిలబెడుతుంది. 6 లక్షల మంది వేసిన ఓట్లు 45 మందికి శిక్షగా పరిణమించిన ఈ ఉదంతం నుండి మనం గ్రహించవలసినది ఇదే.